షుగర్ పుండు మీద నూనె: బాబాయి మాట వినాలా, డ్రెస్సింగ్ ఆయన మాటా?

గోదారిగట్టు:
మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ వచ్చి 18 ఏళ్లయింది. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పుండు. ఐదు వారాలైనా మానట్లేదు. గానుగ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమని బాబాయి ఒకటే పోరు. నూనెల్లోని ఫ్యాటీ యాసిడ్లతో షుగర్ ఎలుకలకి పుళ్లు త్వరగా మానాయని వాట్సాప్‌లో ఏదో పంపాడు. డ్రెస్సింగ్ చేసే ఆయనేమో నూనె పేరెత్తితేనే విసుక్కుంటున్నాడు.

గానుగప్రియుడు:
మీ బాబాయి చెప్పింది నిజమే అన్నా. మన కణాల పైపొరే కొవ్వుతో తయారవుతుంది. నూనెల్లో ఉండే లినోలిక్, ఒలిక్ అనే ఫ్యాటీ యాసిడ్లు ఇస్తే షుగర్ ఎలుకల్లో పుండు త్వరగా మూసుకుంది. బ్రెజిల్‌లో నర్సులు పొద్దుతిరుగుడు నూనెతో చేసిన ఫ్యాటీ యాసిడ్ల మందు ఏళ్లుగా పుళ్లకి వాడుతున్నారు. చవకైంది కదా, ఇక్కడ ఎవరూ చెప్పరు.

ల్యాబ్‌లో సగం జీవితం:
ముందు నూనె సంగతి. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ అనే వేరే ఫ్యాటీ యాసిడే. లినోలిక్ నూటికి రెండు పాళ్లుంటే గొప్ప. ఆ వాదన చేసేవాళ్లు లినోలిక్ ఎక్కువుండే కుసుమ నూనె పట్టుకురావాలి, కొబ్బరినూనె కాదు!

ఇక ఎలుక. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి దాని పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణాలను చంపుతారు. కొద్దిరోజుల్లోనే షుగర్ వచ్చేస్తుంది. వీపు మీద బొచ్చు గీకి, శుభ్రంగా చర్మం కోస్తారు. ఎలుక చర్మం వదులు. దాని కింద పల్చటి కండపొర ఒకటి ఉండి, సంచి మూతి బిగించినట్టు గాయాన్ని దగ్గరికి లాగేస్తుంది. మన అరికాలికి ఆ సౌకర్యం లేదు. పైగా ఎలుక వీపు మీద నడవదు. మీ నాన్నగారు పుండు మీదే నడుస్తున్నారు.

ఇంకోటి. లినోలిక్ మొదట్లో వాపును రగిల్చి పని మొదలెట్టిస్తుంది. కొత్త గాయానికి అది మేలే కావచ్చు. ఐదు వారాల షుగర్ పుండు సాధారణంగా ఆ వాపు దశలోనే ఇరుక్కుని ఉంటుంది.

గానుగప్రియుడు:
మరి పుళ్ల మీద వేసే ఐస్‌లాండ్ వాళ్ల కాడ్ చేప చర్మం? ఒమేగా-3 కొవ్వు ఉందనే కదా 2013లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది?

ల్యాబ్‌లో సగం జీవితం:
ఒమేగా-3 కోసం కాదు, గాయాన్ని కప్పే పదార్థంగా ఒప్పుకుంది. కణాలు తీసేసి, క్రిములు లేకుండా స్టెరైల్ చేసిన చర్మం అది. మన కణాలు అల్లుకోవడానికి పందిరిలా పనికొస్తుంది. మామూలు డ్రెస్సింగ్ కంటే దాంతో ఎక్కువమందికి పుండు మానింది, ఒప్పుకుంటాను. కానీ అందులో కొవ్వు వాటా ఎంతో, పందిరి వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

గానుగప్రియుడు:
సరే, నూనె రాస్తే నష్టమేంటో చెప్పండి మరి.

డ్రెస్సింగ్‌రూం అక్క:
నేను చెప్తా తమ్ముడూ. పసుపు నూనె కింద చీము రంగు తెలియదు. టేపు అంటదు, గాజ్ గుడ్డ జారిపోతుంది. వంటింటి సీసా స్టెరైల్ కాదు. పొడిబారిన చర్మానికీ, పగిలిన మడమలకీ నూనె రాసుకోమని నేనే చెప్తా, వేళ్ల సందుల్లో తప్ప. పుండులో మాత్రం వద్దు. షుగర్ పాదాల మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు తేనెనీ, మూలికలనీ కూడా వద్దనే అన్నాయి.

గోదారిగట్టు గారూ, నాన్నగారికి అరికాల్లో స్పర్శ ఉందా? వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు రోగుల పాదాల్లో ఎప్పుడో గమనించాడు: నొప్పి తెలియని కాలు దెబ్బతిన్న చోటే మళ్లీ మళ్లీ మోపుతుంది. వాళ్లకి వేసిన ప్లాస్టర్ కట్టే తర్వాత షుగర్ పాదాలకీ వచ్చింది, బరువు పుండు మీద పడకుండా. పాదంలో నాడి ఆడుతోందా, పుండు ఎముక దాకా వెళ్లిందా అని చూపించారా? ఎర్రదనం పాకినా, జ్వరమొచ్చినా, నల్లబడినా ఆ రోజే వెళ్లాలి.

గోదారిగట్టు:
అక్కా, కళ్లు మూసుకోమని వేలితో తాకి చూశాను. మూడు చోట్ల తెలియలేదన్నారు. చెప్పులు తిరగేసి చూస్తే కుడిదాని లోపల అరిగి గుంట పడింది, సరిగ్గా పుండు ఉన్నచోట. రోజూ పొద్దున్నే వాటితోనే గుడిదాకా నడిచొస్తున్నారు. రేపు పాదాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. బాబాయికి ఇంకా ఫోన్ చేయలేదు.

గానుగప్రియుడు:
కుసుమ నూనె మీద వేరే పోస్టు పెడతా. పారిపోకండి ల్యాబ్ గారూ.