"కృపలోని పరాక్రమం": ఈ "లోని"ని సమాసంలో దాచేయవచ్చా?

చర్చ మొదలుపెట్టినవారు:

యూదుల ప్రార్థన పుస్తకాల్లో ఓమెరు లెక్కింపు పట్టిక ఒకటి ఉంటుంది. పస్కా పండుగ రెండో రాత్రి మొదలుపెట్టి వారాల పండుగ వచ్చేదాకా వరసగా 49 రాత్రులు లెక్కపెడతారు. ఒక్కో రోజుకు ఒక జంట పేరు ఉంటుంది. రెండో రోజు పేరు "గెవురా షెబెహెసెద్". ఈ పట్టికను తెలుగు చేస్తున్న మిత్రుడొకరు దీన్ని "కృపాపరాక్రమం" అని రాసి, సరిచూడమన్నారు. వినడానికి దండకంలో మాటలా దర్జాగా ఉంది. కానీ అది పనికిరాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, మీ మాట కూడా చెప్పండి.

ముందు కొంచెం నేపథ్యం. లేవీయకాండం 23వ అధ్యాయంలో మొదటి పంట నుంచి ఒక పన (కోసిన కంకుల కట్ట) తెచ్చి అర్పించాలని, ఆ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టాలని ఉంది. ఆ పనకే హీబ్రూలో ఓమెరు అని పేరు. మన పాత బైబిలు అనువాదకులు "పన" అనే చక్కటి పల్లె మాట వాడారు, వారికి దండం పెట్టాలి. అది యవల పన. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నేలమట్టమయ్యాక పన తెచ్చే పని ఆగిపోయింది, లెక్క మాత్రం మిగిలింది. ఆ మిగిలిన లెక్కకు కబ్బాలా, అంటే యూదుల మార్మిక సంప్రదాయం, కొత్త పని అప్పగించింది. ఏడు వారాలకు ఏడు దైవగుణాలు, ప్రతి వారంలోని ఏడు రోజులకు మళ్ళీ అవే ఏడు. ఆ గుణాలనే సెఫిరోత్ అంటారు. మొత్తం పది, వాటిలో కింది ఏడు ఈ లెక్కలోకి వస్తాయి: హెసెద్ (కృప), గెవురా (పరాక్రమం), తిఫెరెత్ (సౌందర్యం), నెత్సాహ్ (స్థైర్యం), హోద్ (ఘనత), యెసోద్ (పునాది), మల్ఖూత్ (రాజ్యం).

సెఫిరోత్‌కు ఏకవచనం సెఫిరా, ఆ మాటకు మూలం లెక్క. "సెఫెర్ యెత్సిరా" అనే పురాతన గ్రంథంలో సెఫిరోత్ "పది, తొమ్మిది కాదు, పది, పదకొండు కాదు" అని గట్టిగా చెబుతారు. అక్కడవి ఇంకా సంఖ్యలకు దగ్గరగా ఉన్నాయి. 12వ శతాబ్దం చివర దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో, 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో అవి దేవుడు తన్ను తాను వెల్లడించుకునే పది విధాలయ్యాయి.

ఇక పట్టికను నడిపేది "షెబె" అనే చిన్న ముక్క. "షె" అంటే "అయినది, ఉన్నది". "బె" అంటే "లో". గెవురా షెబెహెసెద్ అంటే హెసెద్‌లో ఉన్న గెవురా. హెసెద్ ఇల్లు, గెవురా ఆ ఇంట్లో మనిషి. వారం హెసెద్‌ది, రోజు గెవురాది. ఎనిమిదో రోజుకు ఇది తిరగబడి "హెసెద్ షెబెగెవురా" అవుతుంది.

రెండూ ఒకటి కావు. గెవురాలో బిగువు ఉంది, హద్దు గీయడం ఉంది. కబ్బాలా గ్రంథాల్లో దానికి "దీన్", అంటే తీర్పు అని ఇంకో పేరు. రెండో రోజు మనిషి వేసుకోవలసిన ప్రశ్న ఇది: నేను ప్రేమతో ఇచ్చేచోట హద్దు ఉందా? అడిగిన ప్రతిసారీ అప్పిచ్చి తమ్ముణ్ణి పాడుచేస్తున్నానా? ఎనిమిదో రోజు ప్రశ్న వేరు: నేను కఠినంగా ఉండవలసిన చోట కనికరం ఉందా? పిల్లవాడి తప్పును పదిమంది ముందు దిద్దుతున్నానా, పక్కకు పిలిచి చెబుతున్నానా? "కృపాపరాక్రమం" అనగానే తెలుగు చెవికి ద్వంద్వ సమాసమే వినిపిస్తుంది, కృపయు పరాక్రమమును అని. రెండూ పక్కపక్కన సమానంగా కూర్చుంటాయి. రెండో రోజుకు, ఎనిమిదో రోజుకు తేడా పోతుంది. పట్టిక ఆత్మపరీక్షకు పనికొచ్చేదే ఆ తేడా వల్ల. అది పోతే మిగిలేది 49 మంచి మాటల జాబితా, గోడ క్యాలెండరుకు సరిపోతుంది.

అందుకే నేను "కృపలోని పరాక్రమం" అంటాను.

వ్యాకరణం మాస్టారు:

బాగా పట్టుకున్నారు. ఒక సవరణ. సమాసం చేయడమే తప్పని కాదు. సప్తమీ తత్పురుష చేసుకోవచ్చు, "కృపయందలి పరాక్రమము" అని విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. అయితే విగ్రహవాక్యం చెబితే తప్ప అర్థం తేలని సమాసాన్ని ప్రార్థనలో పెట్టడం పాఠకుడికి పరీక్ష పెట్టడమే. రాత్రిపూట నిలబడి గబగబా చదువుకునే మాట కదా.

"యందలి" అంటే ఇంకా గంభీరంగా ఉంటుందేమో ఆలోచించండి.

చర్చ మొదలుపెట్టినవారు:

మాస్టారూ, "యందలి" అనగానే శాసనం చదువుతున్నట్టుంటుంది. ఇది రోజూ మనిషి తనకు తాను చెప్పుకునే మాట. "లోని" చాలు.

ఒంగోలు పాఠకురాలు:

నేను చిన్నప్పటి నుంచి తెలుగు బైబిలు చదివినదాన్ని కాబట్టి రెండు సంగతులు చెబుతాను. ఈ ఏడు పేర్లు ఎక్కడివో మీరు చెప్పలేదు. మొదటి దినవృత్తాంతములు 29:11 చూడండి. దేవాలయం కోసం కూడబెట్టిన సామగ్రిని జనం ముందు పెట్టి దావీదు చేసిన స్తుతి అది. మన అనువాదంలో "మహాత్మ్యమును పరాక్రమమును ప్రభావమును తేజస్సును ఘనతయును" అని వరసగా వస్తాయి. హీబ్రూలో ఇవే గెదులా, గెవురా, తిఫెరెత్, నెత్సాహ్, హోద్. గెదులా హెసెద్‌కే మరో పేరు అంటారు కదా?

రెండోది, గెవురాకు "పరాక్రమం" అనగానే మనకు కత్తి, గుర్రం గుర్తొస్తాయి. సామెతలు 16:32లో పరాక్రమశాలి కంటే దీర్ఘశాంతం గలవాడు శ్రేష్ఠుడని, పట్టణాన్ని పట్టుకునేవాడి కంటే తన మనస్సును స్వాధీనపరచుకునేవాడు శ్రేష్ఠుడని ఉంది. అక్కడ పరాక్రమశాలి అన్న చోట హీబ్రూ మాట "గిబ్బోర్", గెవురాకు తోబుట్టువు. మరి మీ పట్టికలో "నిగ్రహం" అంటే సరిపోదా?

చర్చ మొదలుపెట్టినవారు:

అమ్మా, మీరు ఎత్తిన ఈ వచనం కోసమే ఈ చర్చ పెట్టినట్టయింది. గెదులా, హెసెద్ ఒకే సెఫిరాకు రెండు పేర్లు, నిజమే. యూదుల ప్రార్థనా మందిరమైన సినగోగులో తోరా (ధర్మశాస్త్రం) చుట్టను మందసం నుంచి బయటికి తెచ్చేటప్పుడు ఈ వచనాన్నే పాడతారు.

దాని తెలుగులో ఒక విచిత్రం ఉంది. హీబ్రూ వరస ఐదు పేర్లతో ఆగదు. హోద్ తర్వాత "కీ ఖోల్" అని వస్తుంది, అంటే "ఎందుకంటే సమస్తమూ". కబ్బాలా పండితులు ఆ "ఖోల్"ను యెసోద్‌కు మారుపేరుగా చదివారు, పై గుణాలన్నీ వచ్చి కలిసే పునాది కాబట్టి. ఆ వెనక వచ్చే రాజ్యమే మల్ఖూత్. మన అనువాదకుడు వాక్యాన్ని తెలుగు పద్ధతిలో తిప్పి "భూమ్యాకాశములయందుండు సమస్తమును నీ వశము" అన్న ముక్కను ముందుకు తెచ్చాడు. తెలుగు వాక్యంగా అది మంచి నిర్ణయమే. కానీ ఆరో మెట్టు మొదటికొచ్చింది, నిచ్చెన కనబడకుండా పోయింది. నెత్సాహ్‌కు కూడా అన్యాయం జరిగింది. దానిలో నిలిచి ఉండడం, గెలుపు అనే అర్థాలున్నాయి. "తేజస్సు" ఆ రెంటినీ ఇవ్వదు. పట్టికలో నేను "స్థైర్యం" పెట్టమన్నాను.

"నిగ్రహం" గురించి: మీరు చెప్పిన సామెతను పట్టుకునే మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మసంకలనంలోని పితరుల నీతుల్లో బెన్ జోమా అనే గురువు "గిబ్బోర్ ఎవరు? తన దుర్బుద్ధిని జయించినవాడు" అంటాడు. కాబట్టి మీ ఆలోచనకు పెద్ద అండే ఉంది. అయినా నేను "పరాక్రమం" వదలను. నిగ్రహం అంటే పని అయిపోయినట్టుంది, లోపల పోరు జరగనట్టుంది. బెన్ జోమా మాటలో బలమంతా "జయించడం"లో ఉంది. కత్తి, గుర్రం గుర్తొస్తే రానివ్వండి, ఎదుట ఉన్నది తానేనని రెండో క్షణంలో తెలుస్తుంది.

కొత్త సభ్యుడు:

నమస్కారం. ఏడు స్థానాలు, కింది నుంచి పైకి ఎక్కడం, మనిషి ఆకారంలో గీసే చిత్రం... ఇది మన చక్రాల విద్యే కదా? మూలాధారం నుంచి సహస్రారం దాకా అని చెబితే తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. యెసోద్ అంటే పునాది అన్నారు, మూలాధారమే!

చర్చ మొదలుపెట్టినవారు:

అలా చెబితే సులభంగా అర్థమవుతుంది, తప్పుగా అర్థమవుతుంది. చిత్రాలు చూస్తే పోలిక కనిపించే మాట నిజమే. కానీ పని చూడండి. చక్రాల విద్యలో శరీరం, శ్వాస, ధ్యానం ముందుంటాయి. సెఫిరోత్‌ను మనిషి జీవితానికి ఎలా అన్వయించారో చూడాలంటే మోషే కొర్దొవెరోను చదవాలి.

ఆయన 1522లో పుట్టి 1570లో గలిలయ కొండల్లోని సఫేద్ పట్టణంలో కన్నుమూశాడు. కబ్బాలా సిద్ధాంతమంతటినీ క్రమంలో పెట్టిన మహాపండితుడు. అంత పండితుడు "తోమెర్ దెవోరా", అంటే దెబోరా ఖర్జూర చెట్టు, అని పది అధ్యాయాల చిన్న పుస్తకం కూడా రాశాడు. మనిషి తన సృష్టికర్తను పోలి ఉండడం తగినదని మొదలుపెడతాడు. ఆదికాండంలోని "స్వరూపం, పోలిక" అన్న మాటలకు ఆయన చెప్పే అర్థం ఇది: పోలిక ఒంట్లో ఉండి నడతలో లేకపోతే ఏం లాభం? ఆ తర్వాత ఒక్కో సెఫిరాను తీసుకుని, ఇది నీలో ఉండాలంటే ఏం చేయాలో చెబుతాడు.

అన్నిటికన్నా పైనున్న కెతెర్, అంటే కిరీటం, మనిషిలో వినయంగా ఉండాలట. నుదుట కాఠిన్యం ఉండకూడదు, ముక్కుపుటాల్లో కోపం ఊపిరి ఉండకూడదు, చెవి చెడు మాటకు మూసుకోవాలి, ముఖం ఎవరు వచ్చినా వెలగాలి. హొఖ్మా, అంటే జ్ఞానం: అవసరం లేకుండా ఒక మొక్కను పెరకకు, ఒక ప్రాణిని చంపకు. హెసెద్: రోగిని చూడబో, అతిథికి అన్నం పెట్టు, శవాన్ని సాగనంపు, పెళ్ళికూతుర్ని పందిట్లోకి నడిపించు, తగవులు తీర్చు. గెవురా అధ్యాయం నన్ను ఆశ్చర్యపరిచింది. కోరికలను రేపే శక్తిని తన సుఖం కోసం కదిలించకూడదు, భార్యకు బట్టలు, నగలు, ఇల్లు అమర్చడం కోసమైతే కదిలించవచ్చు అంటాడు. పరాక్రమం సంసారంలోకి దిగింది చూశారా! ఇందులో ఎక్కడా కుండలిని లేదు. యెసోద్ దగ్గర కూడా ఆయన చెప్పేది నోటి మాటను, శీలాన్ని కాపాడుకొమ్మనే. పక్క సంప్రదాయాన్ని మన అలమారలో సర్దేసుకుంటే దాని సొంత రుచి పోతుంది.

మరో పాఠకుడు:

అయితే ఇది నీతిబోధే అన్నమాట. రోజుకో సుగుణం. "మార్మికం" అని ఎందుకు పేరు?

చర్చ మొదలుపెట్టినవారు:

ఈ ప్రశ్న రావాలనే చూస్తున్నాను. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఇప్పుడు అమ్ముడయ్యే కబ్బాలా సరిగ్గా మీరన్నదే, రోజుకో సుగుణం, దానితోపాటు చేతికి కట్టుకునే ఎర్రదారం. సంప్రదాయంలో సెఫిరోత్ ముందు దేవుడివి, తర్వాతే మనిషివి. చాలా ప్రార్థన పుస్తకాల్లో లెక్క చెప్పాక ఒక విన్నపం ఉంటుంది: ఈ రోజు పేరు గల సెఫిరాలో నేను పాడుచేసినది సరిదిద్దబడుగాక అని. "నా గుణంలో" అనలేదు, "సెఫిరాలో" అన్నారు. నేను తమ్ముడి మీద అన్యాయంగా విరుచుకుపడితే పైన కూడా ఏదో వంకరపోయిందని, నేను దిద్దుకుంటే అక్కడా దిద్దుబాటు జరుగుతుందని నమ్మకం. ఆ దిద్దుబాటునే "తిక్కూన్" అంటారు. నమ్మడం మానడం మీ ఇష్టం, కానీ ఆ బరువు తీసేస్తే పట్టిక తేలికైపోతుంది.

తర్వాత 18వ శతాబ్దంలో తూర్పు ఐరోపాలో పుట్టిన హసీదీ అనే యూదుల భక్తి ఉద్యమం ఈ గుణాలను మనస్సు వైపు బాగా తిప్పింది. ఆ గురువులు సెఫిరోత్‌ను ఎక్కువగా "మిద్దోత్" అంటారు. ఏకవచనం "మిద్దా"కు కొలత అనీ, స్వభావం అనీ రెండర్థాలు. వారు కూడా పైలోకాన్ని కొట్టేయలేదు.

ఒంగోలు పాఠకురాలు:

ఒక చిక్కు. ఒకే పేరు రెండుసార్లు వచ్చే రోజులున్నాయి కదా, "హెసెద్ షెబెహెసెద్" లాంటివి. "కృపలోని కృప" అంటే తెలుగులో "కృపల్లోకెల్లా గొప్ప కృప" అనిపిస్తుంది, "వీరుల్లో వీరుడు" అన్నట్టు. 33వ రోజు "ఘనతలోని ఘనత" అయితే మరీ పొగడ్తలా ఉంది.

వ్యాకరణం మాస్టారు:

"అచ్చమైన కృప"?

చర్చ మొదలుపెట్టినవారు:

అది విశేషణం అయిపోతుంది మాస్టారూ, "లో" పోతుంది.

ఒంగోలు పాఠకురాలు:

"కృపలోనూ కృప" అంటే? ఆ దీర్ఘంతో పొగడ్త పోయి ప్రశ్న వస్తుంది. నేను దయ చూపే తీరులో దయ ఉందా, లేక పెట్టి దెప్పుతున్నానా అని.

చర్చ మొదలుపెట్టినవారు:

కుదిరింది! పైగా "నూ"లో "మిగతావాటిలోనూ ఉంది, ఇందులోనూ ఉంది" అనే ధ్వని ఉంది. ప్రతి సెఫిరాలోనూ మిగిలినవన్నీ ఇమిడి ఉంటాయన్నది కొర్దొవెరో సిద్ధాంతమే. అలాంటి రోజులు ఏడు: 1, 9, 17, 25, 33, 41, 49. ఆ ఏడింటికి "లోనూ", మిగిలిన 42కు "లోని" అని మిత్రుడికి ఈ రోజే రాస్తాను. యెసోద్‌కు ఆయన "ఆధారం" అని పెట్టారు, నాకు "పునాది" ఇష్టం. ఎవరికైనా ఇంకా మంచి మాట తడితే కింద రాయండి.