చర్చ: మహాలక్ష్మి రేస్‌కోర్సు పార్కయితే అందులో గుర్రానికి చోటుండాలా?

వర్లీనాకా:
ముంబయి సంగతి తెలియనివాళ్ళకు ముందు రెండు ముక్కలు. మహాలక్ష్మి రేస్‌కోర్సు లీజు 2013లో ముగిసింది. పదేళ్ళకు పైగా నలిగి 2024లో ఒక పంపకం కుదిరింది. 211 ఎకరాల్లో 120 కార్పొరేషన్ పార్కుకు, మిగతా 91 రాయల్ వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్బుకు 2053 దాకా. కోస్టల్ రోడ్డు కోసం సముద్రాన్ని పూడ్చిన చోట వచ్చే 175 ఎకరాల తోటను కూడా కలిపితే దాదాపు 300 ఎకరాల సెంట్రల్ పార్కు అవుతుంది.

నా వాదన సూటిగా చెబుతాను. ఆ 91 కూడా ఇచ్చేయాలి. వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో (మిల్లు కార్మికుల ఇరుకు గదుల ఇళ్ళలో) తరాలుగా బతికిన మన పద్మశాలీలు మిల్లుల్లో నేత నేసి ఊరికి మనియార్డర్లు పంపారు. వాళ్ళ పిల్లలు క్రికెట్ ఆడింది సందుల్లోనే. పక్కనే ఉన్న పచ్చిక గుర్రాలది. విక్టోరియా గుర్రపు బళ్ళు చట్టవిరుద్ధమని 2015లో బాంబే హైకోర్టే తేల్చింది కదా, మరి రేసు గుర్రానికి ఈ మినహాయింపు ఎందుకు?

లాడం:
చిన్న దిద్దుబాటు. పొద్దున, సాయంత్రం అక్కడ జనం నడవడం కొత్తేమీ కాదు, ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నారు. కాబట్టి గేటు పూర్తిగా మూసేసిన చోటు అనలేం.

మీరు మిల్లుల ఊసెత్తారు కాబట్టి అదే లెక్క చూద్దాం. మిల్లు స్థలం అభివృద్ధి చేస్తే మూడో వంతు ఖాళీ స్థలంగా నగరానికి ఇవ్వాలని 1991లో నియమం పెట్టారు. 2001లో సవరణ తెచ్చి, షెడ్లు లేని ఖాళీ నేలకే ఆ వాటా వర్తిస్తుందన్నారు. 2006లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. చివరికి వచ్చినవి మాల్సూ టవర్లూ. పద్మశాలీల పిల్లలకు దక్కాల్సిన మైదానం పోయింది అక్కడ. రేస్‌కోర్సు నేలలో ఇన్నాళ్ళూ టవరు లేవకపోవడానికి కారణం గుర్రమే.

అసలు అది పర్ర నేల. పాతరోజుల్లో మహాలక్ష్మి ఫ్లాట్స్ అనేవారు. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు పోటును ఆపింది. అప్పటిదాకా బైకుల్లాలో జరిగే పందేలు 1883లో ఇక్కడికి మారాయి. మెల్‌బోర్న్‌లోని కాల్‌ఫీల్డ్ కోర్సు నమూనా. పల్లపు నేల కాబట్టి వానాకాలంలో నీళ్ళు పీల్చుకునేది ఇలాంటి పచ్చికే. పందేలు కూడా జూలైకల్లా పుణెకు వెళ్ళిపోతాయి, నవంబరులో తిరిగొస్తాయి. పార్కు పేరుతో కింద పార్కింగు తవ్వితే ఆ పీల్చే గుణం పోతుంది. నాకు గుర్రాల కన్నా దాని మీదే ఎక్కువ భయం.

పశువైద్యం:
ఇద్దరూ నేల గురించే మాట్లాడుతున్నారు. లద్ది గురించి ఎవరూ ఎత్తరేం?

450 కిలోల గుర్రం రోజుకు లద్ది, మూత్రం కలిపి 20 నుంచి 23 కిలోలు వేస్తుంది. కింద పరిచిన గడ్డి, రంపపు పొట్టు కూడా తడిసి బయటికొస్తాయి కాబట్టి 27 కిలోలు వేసుకోండి. వంద గుర్రాలకు రోజుకు 2.7 టన్నులు. ముంబయి ఉక్కలో ఈగ గుడ్డు నుంచి రెక్కలు తొడగడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారంలో రెండుసార్లు కుప్ప కదలాలి. ఒక్క వారం లారీ రాకపోతే పార్కులో కూర్చున్నవాళ్ళ ముఖం మీద ఈగలు వాలతాయి, మర్నాడే గుర్రాల మీద ఫిర్యాదు వెళుతుంది.

విరుగుడు ఉంది. పైకప్పు ఉన్న మూడు సిమెంటు తొట్లు: ఒకటి నిండుతుంటే, ఒకటి మాగుతుంటే, ఒకటి ఖాళీ అవుతుంటుంది. కుప్ప లోపల 55 డిగ్రీలు కనీసం మూడు రోజులు నిలవాలి, అంచుల్లో ఉన్నది లోపలికి వచ్చేలా తిరగెయ్యాలి. అప్పుడే పురుగుల గుడ్లు చస్తాయి. రంపపు పొట్టు ఎక్కువైతే వేడెక్కదు, నెలల తరబడి అలాగే కూర్చుంటుంది. వరిగడ్డి పరిస్తే తొందరగా కుళ్ళుతుంది. అలా మాగిన ఎరువే 120 ఎకరాల తోటకు పనికొస్తుంది. పార్కు, లాయం పక్కపక్కన ఉండాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనబడదు!

రెండోది గ్లాండర్స్ అనే గుర్రాల అంటుజబ్బు. ఇది మనుషులకూ సోకుతుంది, పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం కింద తప్పక తెలియజేయాల్సింది. రక్తపరీక్షలో గుర్రానికి ఉందని ఖాయమైతే మందు లేదు, ప్రాణం తీయాల్సిందే. చుట్టుపక్కల గుర్రాల రాకపోకలు ఆగిపోతాయి. కాబట్టి జనం చేత్తో తినిపించే కంచె ఒకటి పెడదామనే ముచ్చట వద్దు. నీళ్ళ తొట్టి కూడా బయటి గుర్రాలకు వేరుగా ఉండాలి.

మలక్‌పేట మూలమలుపు:
హైదరాబాదులో కూడా ఇదే కథ. ఆరో నిజాం 1886లో పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెచ్చినప్పుడు అది ఊరి అంచు. ఇప్పుడు పక్కనే మెట్రో స్టేషను. 2024లో తమిళనాడు ప్రభుత్వం రేస్‌కోర్సుల నుంచి ఊటీలో 52 ఎకరాలు, చెన్నై గిండీలో 160 ఎకరాలు వెనక్కి తీసుకుంది. గాలి ఎటు వీస్తోందో చూడండి. పైగా 2023లో పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు, 2025లో దాన్ని 40 శాతం చేశారు. క్లబ్బులే నీరసించాక 2053 దాకా గుర్రాలుంటాయని ఎవరు పూచీ పడతారు?

ఇసుకమేట:
రేసు వేరు, స్వారీ వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. మహాలక్ష్మిలోనే 1942 నుంచి అమెచ్యూర్ రైడర్స్ క్లబ్ ఉంది, దాని పని స్వారీ.

లెక్క వేద్దాం. డ్రెస్సేజ్ (గుర్రాన్ని క్రమబద్ధంగా నడిపించే స్వారీ) మైదానం 20 మీటర్లకు 60 మీటర్లు, అంటే 1200 చదరపు మీటర్లు. ఎకరంలో మూడు పడతాయి. పన్నెండడుగుల చదరపు గదులు నలభై కడితే 5760 చదరపు అడుగులు. నడవ, జీను గది, దాణా గది కలిపినా అర ఎకరం లోపే. గుర్రాలు వదిలే గడ్డి దొడ్లకు మూడు నాలుగెకరాలు. మొత్తం ఐదారెకరాల్లో మామూలు జనానికి స్వారీ నేర్పే చోటు తయారు. అదే డెర్బీ పందెం దూరం 2400 మీటర్లకు పాతిక మీటర్ల వెడల్పు వేసుకుంటే ట్రాక్ ఒక్కదానికే దాదాపు 15 ఎకరాలు. 'గుర్రం ఎకరాలు మింగేస్తోంది' అనేవాళ్ళు ఏ గుర్రమో చెప్పాలి.

అయితే మైదానం అంటే ఇసుక పోసేయడం అనుకోకండి. కింద గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర, దాని మీద క్రషర్ డస్టు (రాతి పొడి), పైన రెండు మూడంగుళాల ఇసుక. ఒకటి ఒకటిన్నర శాతం వాలు. ఐదంగుళాలు పోస్తే మెత్తగా ఉంటుందని పోసేస్తారు, ఆ లోతులో కాలు లాగలేక గుర్రం కాలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) వాస్తుంది. గుండ్రటి రేణువుల నది ఇసుక డెక్క కింద జారుతుంది, మొనలున్న ఇసుక కావాలి. దగ్గరే సముద్రం ఉందని ఆ ఇసుక ఎత్తి పోస్తే, ఉప్పు తగిలి డెక్కలు పగుళ్ళిస్తాయి. జూన్ వానలకు పై పొర కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మళ్ళీ పోయడానికి బడ్జెట్‌లో పద్దు ఉండాలి. టెండరు పుస్తకాల్లో సాధారణంగా మరిచిపోయేది ఇదే.

వర్లీనాకా:
ఐదారెకరాల లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. అయితే ఆ స్వారీ ఎవరికి? సభ్యత్వం ఉన్నవాళ్ళకేనా? కార్పొరేషన్ బడి పిల్లలకు వారంలో రెండు పూటలు అని కాగితం మీద రాసిస్తే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం ట్రాక్ మీద. అది పోదు.

లాడం:
రాయిస్తే మంచిదే, కానీ పిల్లల్ని ఏ గుర్రం ఎక్కిస్తారో కూడా అందులోనే రాయాలి. పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు (పందెపు జాతి గుర్రాలు) చవగ్గా దొరుకుతాయని నేరుగా స్వారీ బడికి తోలేస్తుంటారు. పందెంలో జాకీ కళ్ళెం బిగించి పట్టుకుంటే గుర్రం ఆ బిగువుకు ఆనుకుని పరిగెడుతుంది, దానికి నేర్పిందే అది. కొత్త పిల్లాడు భయపడి కళ్ళెం లాగితే ఆగదు, ఊపందుకుంటుంది. ముందు కొన్ని నెలలు దొడ్లో వదిలి, తర్వాత లాంజ్ తాడు (గుర్రాన్ని చుట్టూ తిప్పే పొడుగు తాడు) మీద, ఆ తర్వాత అనుభవమున్న రౌతు కింద ఆరు నెలలు తిరగాలి. అప్పుడు కూడా పక్క ట్రాక్‌లో దౌడు వినబడితే దాని చెవులు అటే తిరుగుతాయి. పిల్లలకు పోనీలూ వయసు మళ్ళిన మార్వారీ జాతి గుర్రాలే మేలు.

ఇసుకమేట:
ఆ దౌడు శబ్దం సంగతి ముఖ్యం. పార్కు మధ్యలోకి వెళ్ళాలంటే జనం ట్రాక్ దాటాల్సిన చోటు వస్తే నేల మీద దాటే దారి పనికిరాదు, కింద నుంచి సొరంగ మార్గమే. లండన్ హైడ్ పార్కులో రాటెన్ రో 1690లో మూడో విలియం వేయించిన దారి. అక్కడ గుర్రాలది ఇసుక బాట, నడిచేవాళ్ళది పక్క బాట. మధ్యలో తక్కువ ఎత్తు కంచె చాలు, గోడ కడితే గుర్రానికి అవతల ఏముందో కనబడక ఎక్కువ బెదురుతుంది. కుక్కలకు పట్టీ తప్పనిసరి. గొడుగు విప్పే చోట్లు, అంటే గేట్లూ బస్టాపు వైపూ, స్వారీ బాట మలుపుకు దగ్గరగా ఉండకూడదు.

మలక్‌పేట మూలమలుపు:
ఇవన్నీ సరే. లద్ది తొట్లు ఎవరి ఎకరాల్లో వస్తాయి, 91లోనా, 120లోనా? ముందు అది తేల్చండి.