8 వాట్ల 300బి యాంప్లిఫయర్‌తో 84 డెసిబెల్స్ స్పీకర్లు నడుస్తాయా? ముందు ఏది మార్చాలి?

కొత్తచెవి
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర బాస్ పలికే వూఫర్, పై స్వరాలు పలికే ట్వీటర్ మాత్రమే ఉన్న చిన్న స్పీకర్ల జత ఉంది. సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఎంత శబ్దం ఇస్తుందో) 84 డెసిబెల్స్, ఇంపెడెన్స్ (విద్యుత్‌కు ఇచ్చే అడ్డు) 8 ఓమ్‌లు అని తయారీదారు పత్రంలో రాశారు; ఒకచోట అది 4 ఓమ్‌ల దాకా పడిపోతుందని కూడా అందులోనే ఉంది. ఇప్పుడు 60 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో, మూడు మీటర్ల దూరంలో కూర్చుని వింటున్నాను. దాని స్థానంలో 300బి అనే ట్రయోడ్ వాక్యూమ్ ట్యూబ్‌తో 8 వాట్లు ఇచ్చే సింగిల్ ఎండెడ్ (సిగ్నల్ మొత్తాన్ని ఒక్క ట్యూబే మోసే) యాంప్లిఫయర్ తీసుకోవాలని ఉంది. ఇది సబబేనా, లేక ముందు స్పీకర్లనే మార్చాలా?

మంద్రస్థాయి
సబబు కాదు. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో 84 డెసిబెల్స్ వస్తాయి. మూడు మీటర్లకు చేరేసరికి, గోడల ప్రతిఫలనాలు కలిసినా, ఆరు డెసిబెల్స్ తగ్గుతాయనుకుందాం. రెండు స్పీకర్లు కలిసి మూడు తిరిగి ఇస్తాయి. అంటే మీ చెవి దగ్గర 81. వాద్యబృందం ఒక్కసారిగా విజృంభించే క్షణానికి 100 కావాలంటే మరో 19 డెసిబెల్స్, అంటే ఒక్కో చానల్‌కు సుమారు 80 వాట్లు కావాలి. 95 డెసిబెల్స్ స్పీకర్‌కయితే అదే పని ఆరు వాట్ల పైచిలుకుతో అయిపోతుంది.

గాజుగొట్టం
మీ లెక్క ప్రకారం ఆయన 60 వాట్ల యాంప్లిఫయర్ కూడా చాలదు, అయినా ఆయన హాయిగానే వింటున్నారు కదా. ఇంట్లో 100 డెసిబెల్స్ ఎవరు వింటారు? మామూలుగా వినే స్థాయిలో స్పీకర్‌లోకి వెళ్లేది ఒక వాట్‌కు అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి ఆ మొదటి వాట్ ఎంత స్వచ్ఛంగా ఉందన్నదే ప్రశ్న. 300బి మార్గంలో సిగ్నల్ దాటవలసిన దశలు తక్కువ. ఆ సరళత గాయకుడి గొంతులో వినిపిస్తుంది.

మంద్రస్థాయి
60కీ 80కీ మధ్య తేడా డెసిబెల్ పైచిలుకు మాత్రమే. 60కీ 8కీ మధ్య తేడా దాదాపు తొమ్మిది డెసిబెల్స్. నేను 100 అన్నది సగటు స్థాయి కాదు, శిఖరం. సగటున 82 డెసిబెల్స్ దగ్గర వింటున్నా, బాగా రికార్డ్ చేసిన సంగీతంలో తాళవాద్యపు దెబ్బ దానికి 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది.

రెండోవరుస
వాట్ల సంగతి తరువాత. ముందు స్పీకర్లను వెనుక గోడ నుంచి కొంచెం జరిపి చూడండి.

గాజుగొట్టం
ఆ 100 ఎక్కడిదని నేను మళ్లీ అడుగుతున్నాను. ఎవరి గదిలో, ఎవరి చెవికి?

మంద్రస్థాయి
సరే, వాట్లను పక్కన పెడదాం. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే పద్ధతి) లేని ఇటువంటి యాంప్లిఫయర్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 3 ఓమ్‌లు ఉండడం అరుదు కాదు. స్పీకర్ ఇంపెడెన్స్ ఒక పౌనఃపున్యం దగ్గర 4 ఓమ్‌లు, మరొక చోట 20 ఓమ్‌లు ఉంటే, ఆ రెండు చోట్ల అందే వోల్టేజ్‌లో మూడున్నర డెసిబెల్స్‌కు మించిన తేడా వస్తుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 0.1 ఓమ్ అయితే ఆ తేడా 0.2 డెసిబెల్స్ కూడా ఉండదు. అంటే స్పీకర్ రూపకర్త సరిచేసి ఇచ్చిన సమతూకాన్ని యాంప్లిఫయర్ తిరగరాస్తోంది.

గాజుగొట్టం
డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఇంపెడెన్స్‌ను యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌తో భాగిస్తే వచ్చేది) 500 అని ప్రకటనల్లో రాసే అంకెకు అర్థం లేదు. వూఫర్ వాయిస్ కాయిల్ నిరోధమే ఆరు ఓమ్‌ల వరకు ఉంటుంది, అది ఎప్పుడూ అదే దారిలో ఉంటుంది. యాంప్లిఫయర్ ఇంపెడెన్స్‌ను సున్నాకు దింపినా కోన్ మీద పట్టు ఒక హద్దు దాటదు.

మంద్రస్థాయి
నేను డ్యాంపింగ్ గురించి మాట్లాడలేదు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గురించి, అంటే ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా వస్తుందన్న దాని గురించి మాట్లాడాను. దయచేసి దానికి జవాబు చెప్పండి.

కాలినట్వీటర్
నా అనుభవం చెప్పాలి. చిన్న యాంప్లిఫయర్ అయితే స్పీకర్లకు భద్రమని అమ్మినవారు చెప్పారు. ఒక వేడుకలో శబ్దం పెంచాను, రెండు ట్వీటర్లూ పోయాయి. వారంటీ అడిగితే తప్పు నాదే అన్నారు. తక్కువ వాట్లే స్పీకర్లను చంపుతాయని నేను నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను.

మంద్రస్థాయి
ఇదిగో సాక్ష్యం. యాంప్లిఫయర్ తన శక్తి హద్దు దాటి క్లిప్పింగ్‌లోకి వెళితే శిఖరాలు తెగిపోయి, మిగతా సంగీతపు సగటు శక్తి పెరుగుతుంది. దానికి తోడు కొత్త హార్మోనిక్స్ (మూల పౌనఃపున్యానికి రెట్లలో ఉండే పై స్వరాలు) పుట్టి ట్వీటర్ వైపు వెళతాయి.

గాజుగొట్టం
వేడుకలో ట్వీటర్లు కాలడానికీ, నేను రాత్రిపూట వినే వయొలిన్‌కూ ఏమిటి సంబంధం? మీరు ఒక మంచి 300బిని ఒక్క సాయంత్రమైనా కుదురుగా విన్నారా? వినకుండా అంకెలతో మనుషుల నోరు మూయించడం ఈ వేదికలో మీకు అలవాటైపోయింది.

మంద్రస్థాయి
విన్నాను. అది బాగుందని కూడా ఒప్పుకుంటాను, నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. రెండో హార్మోనిక్ కలిపి, స్పీకర్ ఇంపెడెన్స్ వంపును సంగీతం మీద అచ్చువేసి, వచ్చిన మాధుర్యాన్ని మీరు స్వచ్ఛత అంటున్నారు. యాంప్లిఫయర్‌కు సొంత రుచి ఉండకూడదు. వెచ్చదనం కావాలంటే ఈక్వలైజర్‌తో కలుపుకోండి, వద్దన్న రోజున తీసేయవచ్చు. రికార్డింగ్‌లో ఉన్నది మార్పు లేకుండా నా దాకా రావాలి, అంతే.

గాజుగొట్టం
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. రికార్డింగే ఒక ఎంపిక: మైక్ ఎక్కడ పెట్టారు, ఏ స్టూడియో స్పీకర్ల మీద విని సరిచేశారు, ఇవేవీ మీకూ నాకూ తెలియవు. ఆ తెలియనిదానికి విధేయంగా ఉండడం కంటే, స్పీకరూ యాంప్లిఫయరూ కలిసి ఒకే వాద్యంలా పలకడం నాకు ముఖ్యం. నా హార్న్ స్పీకర్లు 97 డెసిబెల్స్‌వి; వాటిని రూపొందించినవారు ఇటువంటి యాంప్లిఫయర్‌నే మనసులో పెట్టుకున్నారు.

చెక్కపెట్టె
స్పీకర్లు స్వయంగా కట్టుకునేవాడిగా ఒక మాట. ఈ ప్రశ్నలో సగం నిర్ణయం స్పీకర్ పెట్టె కొలతల్లోనే జరిగిపోయింది. స్పీకర్లు తయారుచేసిన కేఎల్‌హెచ్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక ఇనుప నియమం ఉంది: చిన్న పెట్టె, లోతైన బాస్, అధిక సెన్సిటివిటీ, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. సామర్థ్యం పెట్టె ఘనపరిమాణానికి అనుపాతంలోనూ, బాస్ తగ్గడం మొదలయ్యే పౌనఃపున్యపు ఘనానికి అనుపాతంలోనూ ఉంటుంది. అందువల్ల అదే పెట్టెలో బాస్‌ను ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం పౌనఃపున్యానికి దింపితే సామర్థ్యం ఎనిమిదో వంతుకు, అంటే తొమ్మిది డెసిబెల్స్ కిందికి పడిపోతుంది. 1961లో థీల్, 1970లలో స్మాల్ ఇచ్చిన సూత్రాలతో పెట్టెలు కొలిచినా ఈ బేరం తప్పలేదు. బీబీసీ వారి ఎల్ఎస్3/5ఎ స్పీకర్ అరలో పట్టేంత చిన్నది, సెన్సిటివిటీ 83 డెసిబెల్స్ దగ్గర. 1946 నాటి క్లిప్ష్‌హార్న్ అనే హార్న్ స్పీకర్ 100 డెసిబెల్స్ దాటుతుంది, కానీ గది మూలనంతా ఆక్రమిస్తుంది. కొత్తచెవి గారి స్పీకర్ రూపకర్త చిన్న పెట్టెను ఎంచుకున్నారు, దానికి మూల్యం వాట్లలో చెల్లించాలి.

ఆ 100 డెసిబెల్స్ గొడవ తేల్చడానికి దారి కూడా ఉంది. మీరు మామూలుగా వినే స్థాయిలో, బాగా ఎగసిపడే సంగీతం పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర శిఖర వోల్టేజ్‌ను ఆసిల్లోస్కోప్‌తో చూడండి. కొన్ని యాంప్లిఫయర్లలో నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, కాబట్టి ప్రోబ్ క్లిప్ తగిలించే ముందు అది నిర్ధారించుకోండి. 8 ఓమ్‌లలోకి 8 వాట్లంటే శిఖరం 11.3 వోల్ట్‌లు.

కొత్తచెవి
మిత్రుడి ఆసిల్లోస్కోప్‌తో చూశాము. మామూలుగా వినే స్థాయిలో 19 వోల్ట్‌ల దాకా లేస్తోంది. రాత్రి వినే స్థాయిలో నాలుగు దాటడం లేదు.

మంద్రస్థాయి
19 వోల్ట్‌లంటే 8 ఓమ్‌లకు 22 వాట్ల పైమాటే. యాంప్లిఫయర్‌ను ఉండనివ్వండి.

గాజుగొట్టం
నాలుగు వోల్ట్‌లంటే ఒక వాట్. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఆ ఒక్క వాట్ గురించే. 300బి కావాలంటే స్పీకర్లు మార్చాలని ఒప్పుకుంటాను. ఆ కోరికే తప్పని మాత్రం ఒప్పుకోను.

కొత్తచెవి
యాంప్లిఫయర్ ఆలోచన ప్రస్తుతానికి ఆపుతున్నాను. చెక్కపెట్టె గారూ, 95 డెసిబెల్స్ ఇస్తూ 45 హెర్ట్‌జ్ దాకా దిగే పెట్టె ఎంత పెద్దదవుతుంది?

చెక్కపెట్టె
పోర్ట్ (బాస్‌కు తోడ్పడే గాలి రంధ్రం) ఉన్న పెట్టె అయినా వంద లీటర్లకు తక్కువ అనుకోకండి, వూఫర్ 12 అంగుళాలో 15 అంగుళాలో ఉండాలి. గదిలో ఎంత చోటు ఇవ్వగలరో చెబితే ముందుకు వెళదాం.