మున్నేరులో కలిసే వాగు: ప్రవాహం, వరద హద్దు కొలవడం ఎలా?

వాగుగట్టు:
వాగు వెడల్పు 25 మీటర్లు, అడుగంతా ఇసుక. చెక్‌డ్యామ్ అంచనాకు ప్రవాహం ఎంతో తేల్చాలి. 2024 సెప్టెంబరు వరద పొలాల్లో ఎక్కడిదాకా వచ్చిందో పటం మీద గీయాలి. నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ లేదు. టేపు, ఎత్తుల తేడా చూసే డంపీ లెవెల్ ఉన్నాయి. ఎలా చేయాలి?

నీటిలెక్క:
మామూలు ప్రవాహానికి ఫ్లోట్ (తేలే వస్తువు) పద్ధతి చాలండి. వంపు లేనిచోట 30 మీటర్ల దూరంలో రెండు తాళ్లు అడ్డంగా కట్టండి. ముప్పాతిక వంతు నీళ్లు నింపిన సీసాను పై తాడుకు కాస్త ఎగువన వదలండి. థర్మాకోల్ వద్దు, గాలికి కొట్టుకుపోతుంది. ఒక తాడు నుంచి రెండో తాడుకు ఎన్ని సెకన్లు పట్టిందో నడుమ, రెండు పక్కలా మూడేసి సార్లు చూడండి. అడుగున నీళ్లు నెమ్మది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. 40 సెకన్లు పడితే సెకనుకు 0.75 మీటర్లు, సవరిస్తే 0.64. మీటరుకోచోట లోతు చూసి కట్టిన అడ్డుకోత (వాగును అడ్డంగా కోస్తే కనిపించే నీటి భాగం) వైశాల్యం 8 చదరపు మీటర్లయితే 5.1 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు), అంటే సుమారు 180 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). మోకాలు దాటితే దిగొద్దు.

ఇసుకమేట:
వరదలో మట్టం ఒక్కటే చదవండి. మట్టం చదివే గేజి గీతలు వంతెన స్తంభం ఎగువ ముఖం మీద వేయొద్దు, అక్కడ నీళ్లు ఎగదన్ని ఎక్కువ చూపిస్తాయి. ఒడ్డు గోడకు వేసి, సున్నాను కదలని గుర్తుతో లెవెల్ కలపండి. పెరుగుతోందో తగ్గుతోందో కూడా రాయాలి: మట్టం ఒకటే అయినా పెరిగేటప్పుడు ఎక్కువ నీళ్లు పోతాయి. ఉధృతిలో ఇసుక కోసుకుపోయి, తగ్గాక మళ్లీ మేట వేస్తుంది. వేసవి అడ్డుకోతతో లెక్కేస్తే వరద తక్కువగా తేలుతుంది.

మెరకపొలం:
హద్దుకు ఇళ్ల లోపలి గోడల మీది బురద గీతే నమ్మకం, అక్కడ నీళ్లు నిలిచి ఉంటాయి. కొమ్మలకు వేలాడే చెత్తను నమ్మకండి. ప్రవాహానికి వంగిన కొమ్మ నీళ్లు తీశాక పైకి లేస్తుంది, చెత్త అసలు మట్టం కన్నా ఎత్తులో కనిపిస్తుంది. రెండు ఒడ్లా గుర్తులు తీసుకుని లెవెల్ చేయండి.

వాగుగట్టు:
సంగమం దగ్గరి గుర్తులు కూడా కలపొచ్చా అండీ?

మెరకపొలం:
హద్దు గీయడానికి కలపండి, ప్రవాహం లెక్కకు వద్దు. మున్నేరు పొంగితే వాగు నీళ్లు వెనక్కి తన్నుతాయి, మట్టం ఎక్కువున్నా కదిలే నీళ్లు తక్కువే. ఆ ప్రభావం తగలనంత ఎగువన లెక్క కట్టండి.