అప్‌డేట్: నాన్నగారి ఫైబ్రోసిస్ ముదిరిందని ఎలా తేల్చారంటే

ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బలంగా వదలగలిగే గాలి, ఉండాల్సిన దానిలో ఎంత శాతమో చెప్పే లెక్క) 68 శాతం నుంచి 62కు తగ్గితే, కీళ్లవాతం వల్ల నాన్నగారి ఊపిరితిత్తులకు వచ్చిన ఫైబ్రోసిస్ (మచ్చలు కట్టి గట్టిపడటం) ముదిరినట్టేనా అని ఇదివరకు అడిగాను. తిరుపతిలో మా పల్మనాలజిస్టు ఓపికగా వివరించారు. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, వేరే కారణమేదీ లేనప్పుడు, ఏడాదిలోపు లక్షణాలు ఎక్కువవడం, శ్వాస పరీక్షలో క్షీణత, సీటీలో మచ్చలు పెరగడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలట. ఎఫ్‌వీసీ శాతం 5 పాయింట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే ఒక ప్రమాణం నెరవేరినట్టే; నాన్నగారికి 6 తగ్గాయి. (నిష్పత్తిగా, అంటే 68లో 6 ఎంత అని చూస్తే, నాన్నగారి తగ్గుదల దాదాపు 9 శాతం అవుతుంది కనుక, రిపోర్టులు పోల్చేవారు అది ఏ లెక్కో తప్పక అడగండి.) గోవిందరాజస్వామి గుడి వీధిలో ఆగకుండా నడిచే మనిషి ఇప్పుడు మధ్యలో అరుగు మీద కూర్చుంటున్నారు; ఇన్ఫెక్షన్ గానీ గుండె జబ్బు గానీ కాదని తేలాకే ఆ ఆయాసాన్ని రెండో ప్రమాణంగా లెక్కించారు. మచ్చలు పెరగడాన్ని నెమ్మదింపజేసే నింటెడానిబ్ అనే మందు మొదలుపెట్టి, అది లివర్‌పై ప్రభావం చూపవచ్చు కనుక లివర్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించమన్నారు.