‘రాంగ్‌ఫుల్ డెత్’కు ‘అక్రమ మరణం’ సరిపోతుందా?

ఒకరి తప్పు వల్ల మరొకరు చనిపోవడాన్ని ఇంగ్లీషు న్యాయ పరిభాషలో ‘రాంగ్‌ఫుల్ డెత్’ అంటారు. దానికి తెలుగు మాటగా నల్లగొండ మిత్రుడొకరు ప్రతిపాదించిన ‘అక్రమ మరణం’ నాకు సమ్మతం కాదు. అక్రమ కట్టడం, అక్రమ రవాణా అన్నప్పుడు ఆ కట్టడమే, ఆ రవాణాయే చట్టవిరుద్ధం. చనిపోయిన మనిషి మాత్రం చట్టాన్ని మీరి చనిపోలేదు. ఇక్కడ తప్పు చావుది కాదు, చావు తెచ్చిపెట్టిన పనిది. పత్రికలవారి ‘దుర్మరణం’ కూడా అతకదు. నకిరేకల్ దగ్గర లారీ గుద్ది పోయినా, దేవరకొండ దిక్కు చేనులో పిడుగుపడి పోయినా వారు దుర్మరణమనే రాస్తారు. పిడుగు మీద దావా వేయలేము కదా.

పాత ఇంగ్లండు న్యాయంలో, ఒకరి నిర్లక్ష్యానికి కాలు విరిగినవాడు పరిహారం అడగగలిగేవాడు గాని, అదే నిర్లక్ష్యానికి ప్రాణం పోయినవాడి ఆలుబిడ్డలు అడగలేకపోయేవారు. 1846 నాటి చట్టం ఆ వైపరీత్యాన్ని తొలగించగా, మన దేశానికి 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. మృతుడు బతికి ఉంటే ఏ తప్పుడు పనికి, నిర్లక్ష్యానికి తానే దావా వేయగలిగేవాడో, దానికే అతని భార్య, తల్లిదండ్రులు, పిల్లల తరఫున దావా వేయవచ్చునన్నది దాని సారం. మృతురాలు స్త్రీ అయితే భర్తకూ ఆ హక్కు ఉంది.

కనుక ఇది శిక్షకు సంబంధించిన మాట కాదు. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని పోలీసులు రాసే కేసు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కిందికి వస్తుంది. పరిహారం కోసం కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిమ్ వేరు. డ్రైవరు క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడినంత మాత్రాన క్లెయిమ్ దానంతటదే వీగిపోదు.

ఆ పరిహారాన్ని లెక్కగట్టే తీరు చూస్తే అర్థం ఇంకా తేటపడుతుంది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ల ఆటో డ్రైవరు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల ప్రకారం భవిష్యత్ ఆదాయానికి 40 శాతం కలిపితే 21,000, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750, ఏడాదికి 1,89,000, వయసును బట్టి 16తో గుణిస్తే 30,24,000. కోర్టు ప్రాణానికి ధర కట్టడం లేదు, అతని మీద ఆధారపడినవారు పోగొట్టుకున్నదాన్ని లెక్కిస్తున్నది.

కనుక తీర్పుల అనువాదంలో ‘ఇతరుల తప్పిదం వల్ల కలిగిన మరణం’ అనే రాస్తాను. పొట్టి మాటే కావాలంటే ‘పరదోష మరణం’ పరిశీలించవచ్చు. ‘పర’ను మాత్రం వదలకూడదు, వదిలితే దోషం మృతుడి నెత్తినే పడుతుంది.