అప్‌డేట్: ‘మేజర్’ ఛాయాగ్రాహకుడెవరో తేలింది

మల్కాజిగిరిలో మా కాలనీ పిల్లల క్విజ్ కోసం, 2022లో విడుదలైన ‘మేజర్’కు ఛాయాగ్రహణం ఎవరిదని గతవారం ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. చివరి టైటిళ్లను ఆపి ఆపి చదవమన్న సలహాయే పనిచేసింది: ఆయన వంశీ పచ్చిపులుసు. కొందరు షానీల్ దేవ్ పేరు ఎందుకు చెప్పారో కూడా అర్థమైంది. ఆయన పనిచేసినది 2018 నాటి ‘గూఢచారి’కి, కాగా రెండు చిత్రాలకూ దర్శకుడు శశికిరణ్ తిక్కా, కథానాయకుడు అడివి శేష్, సంగీత దర్శకుడు శ్రీచరణ్ పాకాల కావడంతో మిగతా బృందమూ ఒకటేనని అనుకోవడం సహజమే. తెలుగు, హిందీ ప్రతులను ఒకేసారి చిత్రీకరించారు గనుక, హిందీకి వేరే ఛాయాగ్రాహకుడు ఉండవచ్చన్న నా అనుమానానికి ఆధారం లేదు. 2008 ముంబయి దాడుల్లో ప్రాణాలర్పించిన సందీప్ ఉన్నికృష్ణన్ తల్లిదండ్రులుగా ప్రకాశ్‌రాజ్, రేవతి ఎంతో నిండుగా నటించారు. వారిపైనా ఒక ప్రశ్న చేర్చాను.